పేపర్లో లేని ముక్క

ప్రభుత్వాన్ని నేను ఏనాడూ నమ్మలేదు. అది మాత్రం నన్ను నమ్మి, నెల తిరిగేసరికి జీతం ఇచ్చేది. జగ్గయ్యపేటలో ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారుగా ఉన్న ఆ రోజుల్లో నా అభిప్రాయాలు మహా పదునుగా ఉండేవి. ప్రణాళికలన్నీ కాగితాల మీదేననీ, కంట్రోళ్ళన్నీ పేదవాడి నోటి దగ్గరి కూడు లాక్కోవడానికేననీ, ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకి వడ్లు చేలో పండుతాయో చెట్టుకి కాస్తాయో తెలియదనీ చెప్పేవాణ్ణి. ఎక్కడ చెప్పేవాణ్ణంటే, ప్రభుత్వానికి వినపడని చోటల్లా. స్కూలుకి పైఅధికారి ఎవరైనా వస్తే గేటు దగ్గర పూలదండ పట్టుకుని నిలబడే మొదటి మనిషిని కూడా నేనే. "మీ మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు" అనేది మా ఆవిడ. అన్నం వడ్డిస్తూ అనేది కాబట్టి నేను సమాధానం చెప్పేవాణ్ణి కాదు.

నా కోటలు దాటే మాటలకి వేదిక ఒక కంసాలి దుకాణం అరుగు. ఆ దుకాణం ఆచారి గారిది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. చిన్నప్పటి నుంచీ కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊది ఊది ఆయన కళ్ళు దెబ్బతిన్నాయి. గొలుసులో వెంట్రుకంత అతుకు ఉంటే వేలితో తడిమి పట్టుకునేవాడు గాని, పేపర్లో అక్షరాలు మాత్రం ఆయనకి చీమల బారులే. అయినా లోకంలో ఏం జరుగుతోందో రోజూ తెలియాలి. అందుకని పేపరు ఆయన కొనేవాడు, నేను చదివి పెట్టేవాణ్ణి. బెజవాడ నుంచి మొదటి బస్సులో పేపరు దిగేది. ఏడింటికల్లా నేను అరుగు మీద ఉండేవాణ్ణి. లోపల్నుంచి ఇత్తడి గ్లాసులో కాఫీ వచ్చేది. జట్కా తోలే సాయిబు, పక్క కొట్టు దర్జీ, ఇంకో నలుగురైదుగురు చేరేవాళ్ళు. పైసా ఖర్చు లేకుండా పేపరూ కాఫీ రెండూ దొరికే చోటు ఆ ఊళ్ళో అదొక్కటే. నేను అక్కడికి జనాన్ని మేల్కొలపడానికి వెళుతున్నానని చాలాకాలం నిజంగానే అనుకున్నాను.

నా చదువులో ఒక తిరకాసు ఉంది. మా నాన్న వీరులపాడు వైపు పల్లెల్లో క్రైస్తవ ఉపదేశి. ఆదివారం వాక్యం చదివి, పుస్తకం మూసి, ఆ తర్వాత దాని మీద ప్రసంగం చెప్పేవాడు. పుస్తకం మూసిన చప్పుడు వినగానే, ఇక్కడిదాకా దేవుడిది, ఇక్కణ్ణుంచి ఈయనది అని వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మకి కూడా తెలిసిపోయేది. నాకు ఆయన ప్రసంగం అబ్బింది గాని పుస్తకం మూయడం అబ్బలేదు. పంచదార ధర అదుపు చేయడానికి ప్రభుత్వం చర్యలు తీసుకుంటున్నదని పేపర్లో ఉంటే, అదే గొంతుతో, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఆ చర్యలు పూర్తయ్యేసరికి ప్రజలు బెల్లం రుచి కూడా మర్చిపోగలరని తెలియవస్తున్నది" అని కలిపేసేవాణ్ణి. కళ్ళు మాత్రం పేపరు మీదే ఉండేవి. వినేవాళ్ళకి అంతా అచ్చులో ఉన్నట్టే ఉండేది.

అది మోసమని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఉప్పూ కారం వేస్తున్నాననుకున్నాను. నా ముక్క బాగా పేలిందో లేదో చెప్పడానికి నాకొక గుర్తు ఉండేది. ఆచారి గారు చెవి ఇటు పెట్టి, చేతులు పనిలో పెట్టి వినేవాడు. మామూలు వార్తలకి సుత్తి టకటకా నడుస్తూనే ఉండేది. నా సొంత ముక్క ఏదైనా గట్టిగా తగిలితే ఆగేది. రోజుకి రెండుసార్లైనా ఆ సుత్తిని ఆపాలని పొద్దున్నే పళ్ళు తోముకుంటూ మాటలు వెతుక్కునేవాణ్ణి.

ఇంతలో చైనాతో యుద్ధం వచ్చింది. దేశమంతా అత్యవసర పరిస్థితి పెట్టారు. రక్షణ నిధికి బంగారం ఇమ్మని ఊళ్ళో సభ పెడితే, స్టేజీ ఎక్కి నేను మాట్లాడిన మాటలకి ఇద్దరు ముసలమ్మలు చెవుల కమ్మలు తీసి ఇచ్చేశారు. ఆ ఊపులో నేనూ నా ఉంగరం తీసి పళ్ళెంలో వేశాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ ఉంగరంలో సగం రాగి అన్న సంగతి నాకూ, దాన్ని చేసిన ఆచారి గారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన కూడా చప్పట్లు కొట్టాడు.

యుద్ధం ఆగింది గాని ఆ అత్యవసర పరిస్థితి ఆగలేదు. ఎవరినైనా సరే, ఎందుకో చెప్పకుండా లోపల వేయొచ్చనే రూళ్ళు అలాగే ఉండిపోయాయి. దీని మీద నాకు నిజంగానే ఒళ్ళు మండేది, ఇప్పటికీ మండుతుంది. చైనా వాడు మంచుకొండల్లో ఉంటే జగ్గయ్యపేటలో మనుషుల నోళ్ళకి తాళం ఎందుకయ్యా? పుకార్లు పుట్టిస్తే జైలట. ఏది పుకారో చెప్పేది మళ్ళీ వాళ్ళే. ఈ మాట నేను అరుగు మీద కూడా గొంతు తగ్గించి చెప్పేవాణ్ణి. అందుకే ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు.

ఆ వెనకే బంగారం కంట్రోలు వచ్చింది. ఇక మీదట కొత్త నగ ఏది చేసినా పద్నాలుగు కేరెట్లకి మించకూడదు. ఆ రోజు పేపరు నేనే చదివాను. మొదటి వార్త వినగానే ఆచారి గారు, "పద్నాలుగంటే సగం కల్తీయేగా మాస్టారూ. కల్తీ చేస్తే తప్పనేవాళ్ళు. ఇప్పుడు చెయ్యకపోతే తప్పా?" అన్నాడు. ఆ సంగతి తేల్చినవాళ్ళలో ఒక్కడైనా కంసాలిని పిలిచి అడిగి ఉంటాడా అని నాకు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. దానితో నేను చేసిన పని మాత్రం న్యాయమైంది కాదు.

కింద ఒక చిన్న వార్త ఉంది. ఇళ్ళలో ఉన్న ఆభరణాలు ప్రకటించనవసరం లేదు, వాటి జోలికి ఎవరూ రారు అని. అది చదివాను. చదివి, ఎప్పటిలాగే, పేపరు మీంచి కళ్ళు ఎత్తకుండా కొనసాగించాను: "అయితే రెండో దశలో అధికారులు ఇంటింటికీ వచ్చి స్త్రీల మెడలోని పుస్తెలు సైతం తూకం వేసి, ఎక్కువున్నది స్వాధీనం చేసుకోగలరనీ, కాదన్నవారిని విచారణ లేకుండా నిర్బంధించగలరనీ తెలియవస్తున్నది."

సుత్తి ఆగింది. ఆ రోజు మళ్ళీ మొదలవలేదు. అంత గొప్ప ముక్క నేను అంతకుముందు ఎన్నడూ వేయలేదు. స్కూలుకి వెళుతూ దారి పొడవునా మురిసిపోయాను.

మర్నాటి నుంచి ఆచారి గారి దుకాణానికి ఆడవాళ్ళు రావడం మొదలైంది. నగలు చేయించుకోవడానికి కాదు, నిజమేనా అని అడగడానికి. బజారు వాళ్ళే కాదు, ముక్త్యాల నుంచి కూడా బళ్ళు కట్టించుకుని వచ్చారు. ఆయన జన్మలో అబద్ధం ఆడని మనిషి. "పేపర్లో పడిందమ్మా. మన మాస్టారు చదివారు, నా చెవులతో విన్నా" అని అందరికీ చెప్పాడు. వినడమే తడవు పుస్తెలతాళ్ళు తీసి కొందరు గాదెలో దాచారు, కొందరు పసుపుకొమ్ము కట్టుకున్నారు. స్కూల్లో ఒక పిల్ల తన తల్లి మెడలో పసుపుతాడు చూసి ఏడ్చిందని తోటి మాస్టారు చెబితే, జనం ఎంత భయపడిపోతున్నారో చూడండి, ప్రభుత్వం ఇలా చేసింది అన్నాను. ఆ మాట అనేటప్పుడు కూడా నాకు ఏమీ గుర్తు రాలేదు.

పదిరోజులకి నందిగామ నుంచి ఒక ఆఫీసరు వచ్చి మా స్కూలు ఆవరణలో సభ పెట్టాడు. కొత్త రూళ్ళ గురించి ప్రజలకి ఉన్న అనుమానాలు తీర్చడానికట. సభలో జరిగింది జరిగినట్టు రాసే పని నాకు అప్పజెప్పారు. స్టేజీ మీద ఓ మూల, బల్ల ముందు కూర్చున్నాను. ఉపన్యాసం అయ్యాక ఆఫీసరు, "ఎవరికైనా అనుమానాలుంటే అడగండి" అన్నాడు. అలాంటి చోట ఎవరూ అడగరు, అడగకపోవడమే మర్యాద. ఆచారి గారు లేచి నిలబడ్డాడు. భుజం మీది కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అయ్యా, రెండో దశలో పుస్తెలు తూకం వేస్తారని పేపర్లో రాశారండి. ఎప్పుడొస్తారో ఒక్కమాట ముందుగా చెప్తే బాగుంటదండి. ఆడోళ్ళు భయపడతన్నారు. కావాలంటే తూకం నేనే వేసి చూపిస్తా."

ఆయన నిజంగా సాయం చేద్దామనే అడిగాడు. జనంలో మాత్రం గోల లేచింది. వెనక నుంచి ఎవరో కేకలు వేశారు, ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆఫీసరు మొహం జేగురు రంగులోకి వచ్చింది. ఏ పేపర్లో రాశారని గద్దించాడు. "రోజూ వచ్చే పేపరేనండి" అన్నాడు ఆచారి గారు. అని, స్టేజీ మీద ఉన్న నావైపు నమ్మకంగా చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా తల దించుకుని రాస్తున్నాను. ఏం రాశానో కూడా గుర్తుంది: "సభ జయప్రదంగా ముగిసినది."

మర్నాడు పొద్దున్నే పోలీసులు వచ్చి ఆచారి గారిని నందిగామ తీసుకుపోయారు. పుకార్లు పుట్టించాడని. ఏ కోర్టూ లేదు, ఏ విచారణా లేదు. ఆ గొప్ప ముక్కలో నేను కల్పించిన సంగతులు రెండు. పుస్తెల మాట అబద్ధమైంది. విచారణ లేకుండా నిర్బంధిస్తారన్నది అక్షరాలా నిజమైంది.

మూడో రోజున ఆచారి గారి భార్య మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "మాస్టారు గారూ, మీరొచ్చి ఆ పేపరు చూపిస్తే వదిలేస్తారంట. మీ పేరు ఆయన చెప్పలేదు. పేపర్లో ఉందన్న ఒక్క మాట మీదే ఉన్నాడంట" అంది. చూస్తానమ్మా అన్నాను. ఆవిడ వెళ్ళాక మా ఆవిడ నావైపు తిరిగింది. ఆవిడకి అంతా తెలుసు, ఇంట్లో ఉత్తరాలు కూడా నేను అలాగే చదివేవాణ్ణి.

"వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ ముక్క నాదేనని చెప్పండి."

"చెప్తే ఉద్యోగం పోద్ది. నన్నూ లోపలేస్తారు."

"ఆయన్ని వేశారుగా."

జవాబు లేనప్పుడు అర్జీ రాయడం నాకు అలవాటు. ఎవరూ గుర్తుపట్టకుండా ఎడమచేత్తో రాశాను. ప్రజల నోరు నొక్కే ప్రభుత్వం ఎంతోకాలం నిలవదనీ, ఒక అమాయకపు స్వర్ణకారుణ్ణి నిర్బంధించడం దారుణమనీ రెండు పేజీలు నింపి, కింద "సత్యాన్ని ప్రేమించే ఒక పౌరుడు" అని పెట్టాను. సత్యం ఏమిటో మాత్రం అందులో ఎక్కడా రాయలేదు. జగ్గయ్యపేట పోస్టు ముద్ర పడితే ప్రమాదమని చిల్లకల్లు దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి అక్కడి డబ్బాలో వేశాను. తిరిగి వస్తూ, ప్రాణాలకి తెగించి పోరాడినట్టే అనిపించింది. ఆ రాత్రి బాగా నిద్రపట్టిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వారం తర్వాత ఒక కానిస్టేబులు స్కూలుకే వచ్చాడు. "అరుగు మీద పేపరు చదివే మాస్టారు మీరేనంటగా. ఆ రోజు పేపరు పట్టుకుని రేపు రమ్మన్నారు సి.ఐ. గారు." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట పూర్తవకముందే "ఏ పేపరు?" అన్నాను. హెడ్మాస్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "అడిగినదానికే సమాధానం చెప్పవయ్యా. పైన ఏమీ కలపకు" అన్నాడు. నా జబ్బు ఆయనకీ తెలుసన్నమాట.

పాత పేపర్లన్నీ ఆచారి గారింట్లో దొంతిగా ఉండేవి. ఆయన భార్యే ఆ రోజుది వెతికి, కొంగుతో దుమ్ము తుడిచి నా చేతికిచ్చింది. "ఇందులోనే ఉందంటగా మాస్టారు గారూ. దీంతో వచ్చేస్తాడు కదూ?" అని అడిగింది. తలూపాను. నందిగామ బస్సులో కూర్చుని ఆ పేపరు మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు చదివాను. నేను కల్పించిన ముక్క పొరపాటున ఎక్కడైనా అచ్చయి ఉంటుందేమోనని ఆశ. తప్పిపోయిన ఎద్దుల ప్రకటన కూడా వదల్లేదు.

బస్సు దిగి నడుస్తుంటే ఒక ధైర్యం వచ్చింది. చెప్పేద్దామనుకున్నాను. ఆ ముక్క నాదేనండి, ఆయనకేం తెలియదండి. ఇంత చిన్న మాట. దారి పొడవునా లోపల అనుకుంటూనే వెళ్ళాను. ఇన్స్పెక్టరు గది గుమ్మం దాకా ఆ మాట నాతోనే వచ్చింది.

ఆచారి గారిని తీసుకొచ్చి ఓ పక్కన నిలబెట్టారు. గడ్డం పెరిగింది. నన్ను చూడగానే మొహం విప్పారింది. "మాస్టారొచ్చారండి. ఇక తేలిపోద్దండి" అన్నాడు ఇన్స్పెక్టరుతో. ఆ ఇన్స్పెక్టరు కేకలు వేసే రకం కాదు. నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. ఆచారి గారు నిలబడే ఉన్నాడు.

"మీరు ఆ రోజు ఏం చదివారో అది చదవండి మాస్టారూ" అన్నాడు.

చదివాను. నా జన్మలో మొదటిసారి, అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను. పద్నాలుగు కేరెట్ల వార్త చదివాను. ఇళ్ళలోని ఆభరణాల జోలికి ఎవరూ రారన్న చిన్న వార్త చదివాను. అక్కడ ఆగాను. పేపరు మడిచాను. ఆ మడిచిన చప్పుడు గదిలో బాగా వినపడింది.

"ఇంతేనా?"

"ఇంతేనండి."

ఆచారి గారు నావైపు చూశాడు. ఇంకా ఏదో మిగిలి ఉందని, చదువుతానని కాసేపు ఆగాడు. నేను పేపరు అంచులు సరిచేస్తున్నాను. ఆయన మొహంలో ఒక్కొక్కటే అర్థమవడం నాకు ఓరచూపులోనే తెలిసింది. ఆ ఒక్క ముక్కే కాదు, పంచదార, బెల్లం, అన్నేళ్ళ పొద్దుటి పూటలు, అన్నీ.

"ఏమయ్యా, ఇందులో పుస్తెల మాట ఎక్కడుంది? మరి నీకెవరు చెప్పారు?" అని అడిగాడు ఇన్స్పెక్టరు.

అప్పుడు ఆచారి గారు నా పేరు చెబితే సరిపోయేది. ఆ క్షణమే ఇంటికి వెళ్ళిపోయేవాడు. కాస్త ఆలోచించి, "ఎవరూ చెప్పలేదండి. నా బుర్రలోనే పుట్టి ఉంటదండి. పని లేక కూర్చుంటే బుర్ర ఊరుకోదు కదండి" అన్నాడు.

అది రాసుకున్నారు, ఆయన చేత వేలిముద్ర వేయించారు. కళ్ళు ఆనవు కాబట్టి కాగితంలో ఏముందో ఆయన చూడలేదు, చదివి వినిపించమని కూడా అడగలేదు. నాకు టీ తెప్పించారు. "మీలాంటి చదువుకున్నవాళ్ళు ఊళ్ళో ఉండబట్టి సరిపోయింది" అన్నాడు ఇన్స్పెక్టరు. టీ తాగాను. వద్దనడానికి కూడా ధైర్యం చాలలేదు.

ఆచారి గారిని అక్కణ్ణుంచి పెద్ద జైలుకి పంపించారు. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ నేను బజారు వీధిన వెళ్ళలేదు. స్కూలుకి చుట్టూ తిరిగి చెరువు గట్టు మీదుగా వెళ్ళేవాణ్ణి. నోరా వీపుకి దెబ్బలు తేకే అంటారు. నా నోరు మహా తెలివైంది, పక్కవాడి వీపు చూసుకుంది. ప్రభుత్వం మీద నా అపనమ్మకం అలాగే ఉంది, అణువంత కూడా తగ్గలేదు. అది జనాన్ని అడగకుండా బతుకుతెరువు తీసేసింది, చెప్పకుండా మనిషిని పట్టుకుపోయింది. కాని ప్రభుత్వాన్ని తిట్టబోయిన ప్రతిసారీ నందిగామలో తాగిన టీ గొంతుకి అడ్డం పడేది.

ఆచారి గారు విడుదలై వచ్చాడని మా ఆవిడ చెప్పింది. వెళ్ళి కాళ్ళ మీద పడమంది. రేపు వెళతానన్నాను. నాలుగు రేపులు గడిచాయి. ఐదో నాడు పొద్దున్నే తలుపు తీస్తే ఆచారి గారు గుమ్మంలో ఉన్నాడు. చిక్కిపోయాడు. చంకలో ఆ రోజు పేపరు.

"ఏంటి మాస్టారూ, రావట్లేదు? రండి, పేపరొచ్చింది."

వెనకాలే నడిచాను. దుకాణంలో కుంపటి చల్లగా ఉంది. పద్నాలుగు కేరెట్ల నగ చేయించుకునేవాళ్ళు లేక బంగారం పని లేదు, ఎవరో ఇచ్చిన ఇత్తడి చెంబుకి సొట్టలు తీస్తున్నాడు. కాఫీ వచ్చింది, అదే గ్లాసు. సాయిబూ దర్జీ వచ్చి కూర్చున్నారు. నన్ను చూసి ఎవరూ ఏమీ అనలేదు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

"ఆచారి గారూ, ఆ రోజు నేను..." అన్నాను.

"కాఫీ చల్లారిపోద్ది. చదవండి."

పేపరు విప్పాను. మొదటి వార్త ధరల గురించే. చదివాను. వార్త అయిపోయింది. అలవాటు కొద్దీ నా నోరు తర్వాతి మాట కోసం తెరుచుకుంది. ఆచారి గారు సుత్తి ఆపాడు. తల ఎత్తలేదు, గొంతు పెంచలేదు, మిగతా వాళ్ళకి మామూలు మాటలాగే వినపడి ఉంటుంది.

"ఆ రోజు ఇన్స్పెక్టరు గారి ముందు చదివారు చూడండి మాస్టారూ. అట్టా చదవండి, చాలు."

సిగ్గుతో నా కళ్ళకీ అక్షరాలు ఆనలేదు. కాసేపటికి ఆనాక, అట్లాగే చదివాను. రోజూ గంట పట్టే పేపరు పావుగంటలో అయిపోయింది.